పాత డ్రైయర్ దొరికింది: తిరుగుతుంది, వేడెక్కుతుంది, బట్టలు మాత్రం ఆరవు (శీర్షిక తర్వాత మార్చాను)

నీలిచొక్కా | శనివారం, రాత్రి 9:40

పాత ఇల్లొకటి ఖాళీ చేస్తుంటే సామాను మోయడానికి సాయం వెళ్లాను. నేలమాళిగలో మెట్ల కింద దుప్పటి కప్పిన పెట్టె ఒకటి కనిపించింది. దుప్పటి తీస్తే బట్టలారబెట్టే యంత్రం. "పైకి మోసుకుపోగలిగితే మీదే" అన్నారు ఇంటివాళ్లు. నలుగురం కలిసి మోశాం. ఆ నలుగురిలో ఒకరు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

దీని వయసెంతో తెలియదు. ముందువైపు కంపెనీ పేరుపలక ఎప్పుడో ఊడిపోయి రెండు రంధ్రాలు మిగిలాయి. తలుపు తెరిస్తే అంచున చిన్న అల్యూమినియం రేకు ఉంది: 230 వోల్టులు, 60 సైకిళ్లు, 4800 వాట్లు. తలుపు మూస్తే "ధబ్" మని బరువుగా పడుతుంది. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు విని తెచ్చుకున్నాను.

వెనక రేకు విప్పి చూసినవి చూసినట్టు రాస్తున్నాను. బెల్టు డ్రమ్ము చుట్టూ ఒకే చుట్టు, పగుళ్లు లేవు. డ్రమ్మును మోసే రెండు చక్రాలు అరగలేదు. అడుగున రెండు వేళ్ల మందాన నూగు, పిన్నీసులు, ఒక బొత్తాం, ఎవరో పిల్లల పాలపన్ను. అడుగు మూలలో గాడులున్న చిన్న ఇనుప చక్రం ఒకటి, పెట్టె కాలికి రాగి తీగతో చుట్టి చుట్టి కట్టి ఉంది. ఎక్కడి నుంచి తీశారో అని వెతికాను, ఖాళీ చోటు ఎక్కడా లేదు. వెనక రేకు మీద చతురస్రంగా నాలుగు రంధ్రాలు, వాటి చుట్టూ రంగు నలిగి ఉంది. ఏదో బరువైనది బిగించి తర్వాత తీసేసినట్టుంది.

ఇంకా కరెంటు ఇవ్వలేదు. మొదట ఏమి చేయాలి?

రాగితీగ | శనివారం, రాత్రి 10:15

కరెంటు ఇవ్వకపోవడం ఇప్పటివరకు మీరు చేసిన మంచి పని. అలాగే ఉంచండి.

మొదట హీటరు రెండు కొసలూ విడదీసి ఓమ్ మీటరు పెట్టండి. 230ని 230తో గుణించి 4800తో భాగిస్తే 11 ఓములు. దానికి అటూ ఇటూగా వస్తే తీగ బతికే ఉంది. తర్వాత ఒక కొసకూ యంత్రం ఒంటికీ మధ్య కొలవండి. మీటరు ఏమీ చూపకూడదు. ఈ రెండో కొలత చాలామంది వదిలేస్తారు. నిక్రోమ్ కాయిలు, అంటే హీటరులోని చుట్టల తీగ, ఏళ్ల తరబడి ఎర్రగా కాలి సాగిపోతుంది, పింగాణీ గుబ్బల మధ్య జారి పెట్టె రేకుకు తగులుతుంది. అప్పుడు వేడి వద్దని మీట తిప్పినా కాయిలు కాలుతూనే ఉంటుంది, ఎందుకంటే ఒక ఫేజుకూ ఒంటికీ మధ్య దారి దొరికేసింది.

మూడోది ఒంటి సంగతి. ఆ కాలపు యంత్రాల్లో న్యూట్రల్ తీగనే ఒక పట్టీతో ఒంటికి కలిపేవారు. ఎక్కడైనా న్యూట్రల్ వదులైతే ఒళ్లంతా కరెంటే. అమెరికాలో కొత్త వైరింగుకు 1996 నియమావళి నుంచి నాలుగు తీగలు తప్పనిసరి చేశారు. మీరూ ఆ పట్టీ తీసేసి, న్యూట్రల్ వేరు, ఎర్తు వేరు చేయండి. ఇది సలహా కాదు, షరతు.

పాతసామాను | శనివారం, రాత్రి 11:02

"సైకిళ్లు" అని ఉందన్నారు కదా, అది మంచి ఆనవాలు. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే పాత మాట అది. దాని బదులు హెర్ట్జ్ అనే ప్రమాణాన్ని తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ 1960లో ఖాయం చేసింది. కర్మాగారాల పలకల మీద పాత మాట ఆ తర్వాతా చాన్నాళ్లు బతికింది. డ్రమ్ము చుట్టూ ఒకే పొడవాటి బెల్టు ఉన్న అమరిక కూడా చూస్తే మీది 1960ల యంత్రమని నా ఊహ. అంతకు ముందరివాటిలో సాధారణంగా రెండు బెల్టులు, మధ్యలో ఇంకో కప్పీ ఉంటాయి.

అవకాశం దొరికింది కాబట్టి కొంచెం చరిత్ర చెప్పనివ్వండి, మా ఇంట్లో ఎవరూ వినరు. 1892లో జార్జ్ సాంప్సన్ అనే అమెరికన్ పొయ్యి దగ్గర బట్టలు వేలాడదీసే చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. తిరిగే డ్రమ్ము కథ వేరు. నార్త్ డకోటాలో జె. రాస్ మూర్ అనే ఆయన చలికాలంలో గడ్డకట్టిన బట్టలతో విసిగి, పాకలో పొయ్యి పెట్టి డ్రమ్ము తిప్పి ఆరబెట్టేవాడు. విస్కాన్సిన్‌లోని టూ రివర్స్ ఊరి హామిల్టన్ కంపెనీ ఆ ఆలోచన తీసుకుని 1938లో "జూన్ డే" పేరుతో యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. నాకు నచ్చిన భాగం ఇది: రూపశిల్పి బ్రూక్స్ స్టీవెన్స్‌కు నమూనా చూపిస్తే, మూసిన పెట్టె ఎవరు కొంటారు, తలుపుకు అద్దం పెట్టి లోపల రంగురంగుల బట్టలు తిరుగుతుండగా చూపించండి అన్నాడట.

ఇంకోగంట | ఆదివారం, ఉదయం 7:20

అన్నీ చదివాను. ఒక్క ప్రశ్న. ఎందుకు? ఇప్పటి హీట్ పంపు యంత్రాలు దీనిలో సగం కరెంటు కూడా తినవు.

నీలిచొక్కా | ఆదివారం, ఉదయం 8:05

ఆ తలుపు చప్పుడు మీరు వినలేదు.

రాగితీగ గారూ, హీటరు 11.1 ఓములు. ఒంటికి ఏమీ చూపలేదు. ఎర్తు తీగ వేరు చేశాను, పట్టీ తీసేశాను. ఈ పూట గాలి ఊదే యంత్రంతో లోపలంతా ఊది శుభ్రం చేశాను. మబ్బులా లేచింది. హీటరు పెట్టె లోపల బూడిదరంగు అట్టలాంటిది ఉంది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. దాన్ని గీకేసి కొత్త అట్ట వేయాలా?

రాగితీగ | ఆదివారం, ఉదయం 8:11

ఆపండి. ఊదడం ఆపండి, గీకడం ఆపండి, ఆ గదిలోంచి బయటికి రండి.

బూడిదరంగు అట్ట, పొడిపొడి అంచులు, 1960ల హీటరు పెట్టె. అది రాతినార కావచ్చు, ఆస్బెస్టాస్. హీటరు దగ్గరి తీగల మీద తెల్లటి అల్లిక ఉంటే అదీ అనుమానమే. కదపకుండా ఉంటే దానివల్ల జరిగే హాని తక్కువ, పొడిగా గీకి గాలిలోకి లేపితేనే ముప్పు. దాని పోగులు కంటికి కనబడవు, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు, జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. మామూలు వాక్యూమ్ క్లీనరు వాడితే పోగులు వెనకనుంచి మళ్లీ గదిలోకే వస్తాయి. తడి గుడ్డతో తుడవండి, ఆ గుడ్డ ఉతకకండి, సంచీలో మూసేయండి. చిన్న ముక్క తడిపి తీసి పరీక్షకు పంపండి.

నీలిచొక్కా | ఆదివారం, ఉదయం 8:30

గది మూసేశాను. తల స్నానం చేసి వచ్చి రాస్తున్నాను. ఇంత పొద్దున్నే ఇంత భయపడటం ఇదే మొదటిసారి.

సూదీదారం | ఆదివారం, ఉదయం 10:48

భయపడింది చాలు, నాయనా. పరీక్ష ఫలితం వచ్చేదాకా డ్రమ్ము అంచున ఉన్న ఉన్ని పట్టీని కూడా ముట్టుకోకు. చాలా యంత్రాల్లో అది అచ్చమైన ఉన్ని ఫెల్టే, కానీ ఒకసారి తేల్చుకుంటే మంచిది.

ఉన్నే అని తేలితే ఒక కాగితం ముక్కతో దాన్ని పరీక్షించు. డ్రమ్ముకూ ముందు రేకుకూ మధ్య కాగితం పెట్టి చుట్టూ తిప్పుతూ లాగు. ఒకేలా బిగువుగా రావాలి. వదులుగా జారిన చోట గాలి లీకవుతుంది, చొక్కాల కాలర్లు ఇరుక్కుంటాయి, నల్లటి మరక పడుతుంది. నాకు బట్టలు ముఖ్యం, యంత్రాలు తర్వాత.

నీలిచొక్కా | మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:55

ఫలితం వచ్చింది. పెట్టెలోని అట్ట ఆస్బెస్టాసే. తీగల అల్లిక కూడా. ఫెల్టు మాత్రం ఉన్ని. హీటరు పెట్టెనూ ఆ తీగలనూ ఈ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్లే వచ్చి, తడిపి, తీసుకెళ్లారు. గదినీ వాళ్లే శుభ్రం చేశారు. వాళ్ల ముసుగులు, వాళ్ల జాగ్రత్త చూశాక నా గాలి ఊదే యంత్రం గుర్తొచ్చి సిగ్గేసింది.

కొత్త పెట్టెను దళసరి రేకుతో చేయించి, పింగాణీ గుబ్బలు బిగించి, పాత కాయిలునే అందులో వేశాను. తీగలు అధిక వేడికి తట్టుకునేవి వేశాను. మోటారు బేరింగులకు నూనె వేయాలి. అందరూ వాడే స్ప్రే నూనె చాలదా?

రాగితీగ | శుక్రవారం, రాత్రి 9:20

చాలదు. అది ఆరిపోయే నూనె. రెండు రోజులు కూతపెట్టకుండా ఉంటుంది, తర్వాత ఉన్న నూనెను కూడా కడిగేసి పోతుంది. మోటారు కొసల్లో ఉన్నవి కంచు పొర బేరింగులు, వాటిని ఆనుకుని ఉన్ని ముక్క ఉంటుంది, నూనె పీల్చుకుని కొద్దికొద్దిగా ఇస్తుంది. డిటర్జెంటు కలపని 20 నంబరు నూనె కానీ టర్బైన్ నూనె కానీ కొసకు ఐదారు చుక్కలు, ఒక రాత్రి ఆగి ఇంకో మూడు. ఎక్కువ పోస్తే అపకేంద్ర స్విచ్చి మీద చిందుతుంది. ఆ స్విచ్చి తెలుసు కదా? మోటారు పూర్తి వేగం అందుకున్నాకే హీటరుకు దారి ఇచ్చేది అదే. గాలి కదలకుండా కాయిలు కాలకూడదని ఆ ఏర్పాటు.

ఇంకొకటి. ఆ కాలపు యంత్రాల్లో ఒకసారి కాలిపోతే మళ్లీ కలవని ఉష్ణ ఫ్యూజు ఉండదు. పంకా గూటి మీద 91 డిగ్రీలది ఒకటి బిగించి మోటారు తీగలో వరసగా కలపండి. పాతదనం పోతుందని పాతసామాను గారు అనవచ్చు. అననివ్వండి.

పాతసామాను | శుక్రవారం, రాత్రి 9:41

అనను. మంటలంటుకున్న పాతదనం నాకూ వద్దు. కనబడకుండా బిగిస్తే చాలు.

కొత్తగాచేరాను | శనివారం, ఉదయం 6:50

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నా దగ్గర 1950ల యంత్రం ఉంది. డ్రమ్ము లోపల వేలెడంత బల్బు ఉంది, నీలంగా వెలుగుతుంది. అది దీపమేనా? వెలుగు ఏమీ సరిపోవడం లేదు.

పాతసామాను | శనివారం, ఉదయం 9:15

అది వెలుగు కోసం కాదండీ, అతినీల లోహిత దీపం. ఎండలో ఆరిన బట్టల వాసన రావాలని పెట్టేవారు. దాన్ని నేరుగా చూడకండి, కళ్లు మండుతాయి. తలుపు తెరిస్తే ఆరిపోయే స్విచ్చి పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి. మిగతాది వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ తనివితీరా మాట్లాడుకుందాం.

నీలిచొక్కా | శనివారం, సాయంత్రం 5:30

ఇవాళ కరెంటు ఇచ్చాను. తిరిగింది! చప్పుడు హాయిగా ఉంది. కాయిలు ఎర్రబడింది, గొట్టంలోంచి వేడి గాలి జోరుగా వచ్చింది. నేను గంతులేసినంత పని చేశాను.

తర్వాత తడి బట్టలు వేసి టైమరు 60 మీద పెట్టాను. టైమరు కొంచెం తొందరగా వెళుతుంది, గడియారంలో చూస్తే సరిగ్గా 50 నిమిషాలకే ఆగింది. అరిగిపోయి ఉంటుంది. అది పక్కన పెడితే, తలుపు తీసి చూస్తే బట్టలు పైన కరకరలాడుతున్నాయి, లోపల చల్లగా తడిగా ఉన్నాయి. దుప్పటి ఉండలో చెయ్యి పెడితే ఇప్పుడే పిండినట్టు ఉంది. మళ్లీ 60 పెట్టాను. అదే తంతు.

రాగితీగ | శనివారం, సాయంత్రం 6:05

థర్మోస్టాటు, అంటే వేడి హద్దు దాటితే హీటరును ఆపి, తగ్గితే మళ్లీ కలిపే స్విచ్చి. దాని మీద నా అనుమానం. బయటికి వచ్చే గాలి వేడి కొలిచి రాయండి, రెండు నిమిషాలకొకసారి.

సూదీదారం | శనివారం, సాయంత్రం 6:40

దానితోపాటు బట్టల బరువు కూడా చూడు. పొడిగా ఉన్నప్పుడు ఎంత, తడిపి పిండాక ఎంత, యంత్రంలోంచి తీశాక ఎంత. "ఆరింది", "ఆరలేదు" అని చేత్తో చెప్పే మాటలు ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటాయి. త్రాసు అబద్ధమాడదు.

నీలిచొక్కా | ఆదివారం, మధ్యాహ్నం 12:20

రాశాను. పొడి బరువు 3.1 కిలోలు. పిండి వేసినప్పుడు 5.6. యంత్రం ఆగాక 4.5. అంటే 2.5 కిలోల నీళ్లలో 1.1 మాత్రమే పోయింది.

గాలి వేడి: రెండో నిమిషం 38 డిగ్రీలు, నాలుగో నిమిషం 52, ఆరో నిమిషం 66. అక్కడ హీటరు ఆగింది. మళ్లీ 57కు దిగాక అంటుకుంది. చివరిదాకా ఇలా ఆగుతూ అంటుకుంటూనే ఉంది.

రాగితీగ | ఆదివారం, మధ్యాహ్నం 12:45

66 దగ్గర ఆగడం మామూలే. 57 దగ్గర కలవడం మామూలే. అయినా ఆరడం లేదంటే గొట్టం ఎక్కడో మూసుకుపోయి ఉండాలి. ప్లాస్టిక్ గొట్టం వేశారా? అది తీసేసి లోహపు గొట్టం వేయండి, అడ్డకొలత 100 మిల్లీమీటర్లు, వంపులు తక్కువగా.

నీలిచొక్కా | ఆదివారం, మధ్యాహ్నం 1:10

లోహందే. మీటరు పొడవు, నిటారుగా. పూర్తిగా తీసేసి కూడా నడిపి చూశాను. ఏమీ మారలేదు. నూగు పట్టే జల్లెడ కడిగాను, నీళ్లు పోస్తే నిలవకుండా జారిపోతున్నాయి.

గిరగిర | ఆదివారం, రాత్రి 7:30

ఈ చర్చను మొదటి నుంచీ ఊరికే చదువుతున్నాను. డ్రైయర్ల గురించి నాకు ఏమీ తెలియదు. ముప్ఫై ఏళ్లు సిమెంటు కర్మాగారంలో బంతుల మిల్లు దగ్గర పనిచేశాను. అదీ తిరిగే డ్రమ్మే. లోపల చొక్కాల బదులు ఉక్కు బంతులు.

నాకు వింతగా తోచింది ఆ వేడి లెక్క. తడి బట్టల్లోంచి నీరు ఆవిరవుతున్నంత సేపూ వేడి ఆ పనికే ఖర్చవుతుంది, బయటికి వచ్చే గాలి అంత తొందరగా వేడెక్కకూడదు. కిలో నీరు ఆవిరి కావాలంటే సుమారు 0.67 యూనిట్ల కరెంటంత వేడి మింగుతుంది. మీ గాలి ఆరో నిమిషానికే 66 అందుకుందంటే అది బట్టలను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతోంది. గాలి ఉంది, వేడి ఉంది, నీరు ఉంది, మూడూ కలవడం లేదు.

ఒక పని చేస్తారా? డ్రమ్ము అంచుకు తెల్ల కాగితం ముక్క అతికించి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టండి. డ్రమ్ము అడ్డకొలత కూడా చెప్పండి.

నీలిచొక్కా | ఆదివారం, రాత్రి 8:02

లెక్కపెట్టాను. మూడుసార్లు. 60. సెకనుకు ఒక చుట్టు, గడియారం ముల్లుతో పాటే. డ్రమ్ము 686 మిల్లీమీటర్లు.

గిరగిర | ఆదివారం, రాత్రి 8:25

అదండీ సంగతి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, గొట్టంలో వెతికితే దొరుకుతుందా!

మా మిల్లులో ఒక లెక్క ఉండేది. డ్రమ్ము అడ్డకొలతను మీటర్లలో తీసుకుని దాని వర్గమూలంతో 42.3ను భాగించాలి. వచ్చేది నిమిషానికి ఎన్ని చుట్ల దగ్గర బంతి గోడకు అంటుకుపోతుందో ఆ సంఖ్య. అంతకు మించి తిప్పితే బంతి పైకి వెళ్లి కింద పడదు, గోడతో పాటు గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. మిల్లు తిరుగుతుంది, పిండి మాత్రం రాదు.

మీ డ్రమ్ముకు ఆ సంఖ్య 51. బట్టల బరువు గోడకు కొంచెం లోపలగా ఉంటుంది కాబట్టి 54, 55 దాకా పడతాయనుకుందాం. 60 దగ్గర పడవు. తలుపు అద్దంలోంచి చూశారా? బట్టలు పై నుంచి దబదబా పడుతున్నాయా, గోడను పట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నాయా?

నీలిచొక్కా | ఆదివారం, రాత్రి 8:40

ఈ తలుపుకు అద్దం లేదు. కానీ తలుపు తెరిచినప్పుడల్లా బట్టలు డ్రమ్ము చుట్టూ ఉంగరంలా ఉండేవి, మధ్యలో బోలుగా. ఆగేటప్పుడు సర్దుకుని అలా అయ్యాయనుకున్నాను.

పాతసామాను | ఆదివారం, రాత్రి 8:58

బ్రూక్స్ స్టీవెన్స్ ఎంత దూరం ఆలోచించాడో చూడండి.

రాగితీగ | ఆదివారం, రాత్రి 9:30

మోటారు పలక మీద వేగం ఎంత ఉంది? నిమిషానికి 1725 చుట్లు ఉండాలి. ఇండక్షన్ మోటారు దానంతట అది ఎక్కువ తిరగదు. అది 1725 అయితే తప్పు పుల్లీది, అంటే మోటారు ఇరుసు మీద ఉండి బెల్టును లాగే చక్రానిది. మోటారు పుల్లీని బెల్టు ఆనే చోట వెర్నియరుతో కొలవండి.

నీలిచొక్కా | ఆదివారం, రాత్రి 10:05

మోటారు 1725. పుల్లీ 23.8 మిల్లీమీటర్లు. 1725ను 23.8తో గుణించి 686తో భాగిస్తే 59.8.

వెర్నియరు చేతిలో ఉందని, కాలికి కట్టి ఉన్న ఆ చిన్న ఇనుప చక్రం కూడా కొలిచాను. దానికీ ఇలాంటి గాడులే, ఇలాంటి రంధ్రమే. 19.9 మిల్లీమీటర్లు.

గిరగిర | ఆదివారం, రాత్రి 10:11

50 చుట్లు. 50.04, పట్టి పట్టి లెక్క చూస్తే.

రాగితీగ | ఆదివారం, రాత్రి 10:50

ఒక్క నిమిషం. 23.8ని 19.9తో భాగిస్తే 1.2. 60ని 50తో భాగించినా 1.2. మీ టైమరు 60 నిమిషాలను 50లో ముగించింది. అదీ 1.2.

ఇది అరుగుదల కాదు. టైమరులోని చిన్న మోటారు కరెంటు సైకిళ్లను లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. 50 సైకిళ్ల టైమరుకు ఇక్కడి 60 ఇస్తే 60 నిమిషాల పని 50లో చేస్తుంది. ఈ యంత్రం ఒకప్పుడు 50 సైకిళ్ల దేశంలో పనిచేసింది. అక్కడ సైకిళ్లు తక్కువ కాబట్టి ఈ మోటారు 1425 దగ్గర తిరిగి ఉంటుంది. పాత పుల్లీతో డ్రమ్ము 41 చుట్లకు పడిపోయేది. అందుకని ఎవరో పెద్ద పుల్లీ వేసి, మళ్లీ 50కి దగ్గరగా తెచ్చారు. టైమరు మోటారు కూడా మార్చారు. వెనక రేకు మీద నాలుగు రంధ్రాలు అన్నారు కదా, అక్కడ 230ని 115కు దించే ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. డ్రైయరు మోటారుకు 115 కావాలి, హీటరుకు 230. సగం వోల్టేజీ దొరకని చోట వేరే దారి లేదు.

థర్మోస్టాటు అన్నాను, గొట్టం అన్నాను. రెండూ తప్పే.

సూదీదారం | సోమవారం, ఉదయం 6:15

తిరిగి వచ్చాక ట్రాన్స్‌ఫార్మరు తీసేశారు, పుల్లీ మార్చడం మరిచిపోయారు. ఉతికిన బట్టలు ఎంతసేపటికీ ఆరక, ఇక పాడైపోయిందనుకుని దుప్పటి కప్పి మెట్ల కింద తోశారు. బెల్టూ చక్రాలూ అరగలేదని నువ్వు మొదటి రోజే రాశావు. అరిగేంత పని అది చేయనే లేదు.

పుల్లీ మార్చిన మనిషి మాత్రం జాగ్రత్తపరుడు. తీసినదాన్ని సొరుగులో పడేయకుండా యంత్రానికే కట్టి పెట్టాడు.

నీలిచొక్కా | సోమవారం, రాత్రి 9:00

పుల్లీ మార్చాను. బిగించే మర తుప్పుపట్టి ఉంది, నూనె వేసి రాత్రంతా వదిలి, పొద్దున వేడి చేసి తిప్పితే కదిలింది. చిన్న పుల్లీకి బెల్టు కాస్త వదులవుతుందేమోనని భయపడ్డాను, స్ప్రింగు మీద ఉన్న బిగువు చక్రం ఆ తేడా లాగేసుకుంది.

నడిపితే మొదట తేడా తెలిసింది చెవికి. ఇంతకు ముందు సుయ్‌మని ఒకటే శబ్దం. ఇప్పుడు దబ్... దబ్... దబ్. బట్టలు పైకి వెళ్లి పడుతున్నాయి. ఆ సుయ్ శబ్దాన్నే హాయిగా ఉందని మొన్న రాశాను, చెరిపేయాలనిపిస్తోంది.

అవే బట్టలు, అదే 5.6 కిలోలు. గాలి పదో నిమిషంలో 41, ఇరవయ్యో నిమిషంలో 43, అక్కడే నిలబడిపోయింది. ముప్ఫై అయిదో నిమిషం తర్వాత పెరగడం మొదలైంది. 45 నిమిషాలకు తీశాను. 3.2 కిలోలు.

గిరగిర | సోమవారం, రాత్రి 9:12

ఆ 43 దగ్గర నిలబడింది చూశారా, అదే నేను చూడాలనుకున్నది.

ఇంకోగంట | సోమవారం, రాత్రి 9:40

సరే. చప్పుడు రికార్డు చేసి పెట్టండి, వింటాను.

కొత్తగాచేరాను | మంగళవారం, ఉదయం 7:05

టైమరు సంగతి ఏమి చేశారు? డ్రమ్ము లోపలి తెల్ల పూత కూడా రెండు చోట్ల ఊడి ఉంటుంది కదా, నా దానికి అలాగే ఉంది. రంగు వేయవచ్చా?

నీలిచొక్కా | మంగళవారం, రాత్రి 8:30

నా డ్రమ్ము పూత ఒక్కచోటే పోయింది. అది గాజు పూత, సుమారు 800 డిగ్రీల కొలిమిలో కాల్చి వేసేది, ఇంట్లో అయ్యే పని కాదు. తుప్పు తుడిచి, వేడికి తట్టుకునే ఎపాక్సీ రంగు పలచగా రెండు పూతలు వేసి, బాగా ఆరాక పాత తెల్ల గుడ్డలతో గంటసేపు తిప్పాను. గుడ్డకు రంగు అంటలేదు. బయటి తెలుపు పసుపెక్కి ఉంది, పాలిష్ ముద్ద పెట్టి చేత్తో రుద్దితే సగం పోయింది, మిగతా సగం దానికే వదిలేశాను. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి గరుకు కాగితం మాత్రం పట్టలేదు.

టైమరు మార్చలేదు. కాంటాక్టులు మాత్రం దళసరి కాగితం మధ్యలో పెట్టి లాగి తుడిచాను. 60 మీద పెడితే 50 నిమిషాలు, నాకు 45 చాలు.

తీసిన 23.8 పుల్లీని తుడిచి, అదే రాగి తీగతో, అదే కాలికి కట్టాను. పక్కనే ఒక అట్ట ముక్క కూడా వేలాడదీశాను: "50 సైకిళ్లకు."